పేరు పెట్టిన చేతులు

అమెరికాలో కౌంటీల పేర్లు శాసనసభల్లో పుట్టాయి. పల్లెల పేర్లు కొట్టు అరుగుల మీద, రైలు స్టేషన్లలో, తపాలా దరఖాస్తుల్లో పుట్టాయి. మనవాళ్లు కాపురాలు పెట్టిన ఆ నేల మీద ఒక్కో పేరు వెనక ఒక మనిషో, ఒక తగాదానో ఉంది. కొన్నిచోట్ల కడుపు తరుక్కుపోయే అన్యాయమూ ఉంది.

డాలస్‌కు ఉత్తరాన ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు ఏ కాగితం నింపినా రెండు పేర్లు రాయాల్సి వస్తుంది. ఊరు మెకిన్నీ, కౌంటీ కాలిన్. ఆ రెండూ ఒకే మనిషివి. ఆయన పేరు కాలిన్ మెకిన్నీ. ఇంటిపేరు ఊరికి పెట్టారు, సొంత పేరు కౌంటీకి పెట్టారు. ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత రాయడం మన అలవాటు కాబట్టి, "మెకిన్నీ, కాలిన్ కౌంటీ" అని రాసిన ప్రతిసారీ ఆ పెద్దాయన్ని తెలుగు పద్ధతిలో నిండు పేరుతో పిలుస్తున్నట్టే.

మెకిన్నీ 1766లో న్యూజెర్సీలో పుట్టాడు. మెక్సికో నుంచి విడిపోతున్నామని టెక్సాస్ వలసదారులు 1836 మార్చిలో ప్రకటించినప్పుడు ఆయనకు డెబ్బయ్యేళ్లు నిండబోతున్నాయి. ఆ ప్రకటన మీద సంతకం చేసినవాళ్లందరిలో వయసులో ఆయనే పెద్ద. దాన్ని రాసేందుకు వేసిన ఐదుగురి కమిటీలోనూ ఉన్నాడు. 1846లో ఆయన పేరిట కౌంటీ ఏర్పడింది. మొదట కౌంటీ కేంద్రం బక్నర్ అనే ఊళ్లో ఉండేది. అది కౌంటీ నడిమధ్యకు దూరమని 1848లో కేంద్రాన్ని మార్చారు. ఆ కొత్త ఊరికి కూడా ఆయన పేరే పెట్టారు. ఉత్తర టెక్సాస్ పటం తెరిచి చూస్తే కౌంటీలు గళ్ల దుప్పటిలా నిలువు, అడ్డం గీతల్లో కనిపిస్తాయి. ఒక్కోటి సుమారు ముప్ఫై మైళ్ల చదరం. సరిహద్దులు తిన్నగా ఉండాలని పట్టుబట్టింది కూడా కాలిన్ మెకిన్నీయేనని టెక్సాస్ చరిత్ర గ్రంథాలు చెబుతాయి.

కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా. భూముల రిజిస్ట్రేషన్, ఆస్తి పన్ను, కోర్టు, జైలు, షెరీఫ్, పెళ్లి లైసెన్సు, అన్నీ చాలా రాష్ట్రాల్లో దాని చేతిలోనే ఉంటాయి. ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లు ఆ మాటనూ ఆ ఏర్పాటునూ వెంట తెచ్చుకున్నారు. లూసియానాలో వాటిని పారిష్‌లంటారు, అలాస్కాలో బరోలంటారు. అన్నీ కలిపితే మూడు వేలు దాటుతాయి. ఒక్క టెక్సాస్‌లోనే 254 ఉన్నాయి.

వీటి పేర్లు వరసపెట్టి చదువుతూ పోతే ఒక సంగతి తెలిసివస్తుంది. కౌంటీ పేరు పైనుంచి దిగివచ్చింది. శాసనసభలో ఎవరి మాట చెల్లుతుందో వాళ్లు మెచ్చిన మనిషి పేరు దానికి పడింది. పల్లె పేరు అక్కడ బతికేవాళ్ల నోటి నుంచి వచ్చింది. రాళ్లు, వాగులు, రేవులు, దుకాణాలు, పోట్లాటలు అందులోకి చేరాయి. మన దగ్గర కూడా జిల్లాలకు ప్రకాశం, రంగారెడ్డి, అల్లూరి సీతారామరాజు అని పెద్దల పేర్లు పెట్టుకున్నాం. పల్లెలు మాత్రం చెరువునూ కుంటనూ చింతచెట్టునూ పట్టుకునే ఉన్నాయి. అయితే అమెరికాలో ఈ కథ చాలాచోట్ల రెండు వందల ఏళ్లలోపుది. ఎవరు పెట్టారో, ఏ రోజు పెట్టారో, ఎందుకు పెట్టారో కాగితాల మీద దొరుకుతుంది. అందుకే అది అంత నిక్కచ్చిగా మాట్లాడుతుంది.

నాయకుల వరస

వాషింగ్టన్ పేరుతో అమెరికాలో 30 కౌంటీలు, ఒక పారిష్ ఉన్నాయి. దేశాన్ని నిలబెట్టిన మొదటి అధ్యక్షుడు కాబట్టి అందులో వింత లేదు. ఆలోచించాల్సింది మిషిగన్ సంగతి. 1829లో ఆండ్రూ జాక్సన్ అధ్యక్షుడయ్యేనాటికి అది ఇంకా రాష్ట్రం కాదు, కేంద్రం చేతి కింద ఉన్న ప్రాంతం. రాష్ట్ర హోదా కావాలి. ఆ ఏడాదే దక్షిణ మిషిగన్‌లో కొత్త కౌంటీలు గీసి ఒకదానికి జాక్సన్ పేరు పెట్టారు. ఉపాధ్యక్షుడు కాల్హూన్ పేరు ఇంకోదానికి. ఆపైన మంత్రివర్గం దాదాపు మొత్తం పటమెక్కింది. వాన్ బ్యూరెన్, ఇంగమ్, ఈటన్, బ్రాంచ్, బెరియన్, బ్యారీ. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ఉన్నది ఇంగమ్ కౌంటీలో. అక్కడ చదువుకున్న తెలుగు విద్యార్థులు జాక్సన్ ఖజానా మంత్రి పేరును తమ చిరునామాలో మోశారన్నమాట.

అంతకు ముందు కాలంలో కలం రాజుగారి మనుషుల చేతిలో ఉండేది. వాషింగ్టన్ డీసీ పక్కన, యాష్‌బర్న్ చుట్టుపక్కల మనవాళ్లు విరివిగా ఉండే లౌడన్ కౌంటీ 1757లో ఏర్పడింది. లౌడన్ ప్రభువు జాన్ క్యాంప్‌బెల్ స్కాట్లండ్ వాడు. ఉత్తర అమెరికాలో బ్రిటిష్ సేనలకు అధిపతి, పేరుకు వర్జీనియా గవర్నరు. అక్కడ పాలన నడిపింది డిన్విడ్డీ అనే లెఫ్టినెంట్ గవర్నరు. నార్త్ కరోలినాలో షార్లెట్ నగరం, అది ఉన్న మెక్లెన్‌బర్గ్ కౌంటీ కలిసి మూడో జార్జి భార్యను తలుస్తాయి. ఆమె పేరు షార్లెట్, పుట్టిల్లు జర్మనీలోని మెక్లెన్‌బర్గ్. ఆ రాజు మీదే తిరగబడి స్వాతంత్ర్యం తెచ్చుకున్నాక కూడా ఆయన రాణి పేరు చెరిగిపోలేదు.

టెక్సాస్ 1876 ఆగస్టులో ఒక్క దెబ్బన 54 కౌంటీలు సృష్టించింది. అప్పటికి ఆ ఉత్తర పడమటి మైదానాల్లో తెల్లవాళ్ల ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అక్కడ తరాలుగా తిరిగిన కొమాంచీలను అంతకు ముందే సైన్యం రిజర్వేషన్లకు తరిమేసింది. ఖాళీ చేయించిన నేల మీద టెక్సాస్ యుద్ధవీరుల పేర్లు వరసగా పరిచారు. వాటిలో ఒకటి డెఫ్ స్మిత్ కౌంటీ. ఎరాస్టస్ స్మిత్‌కు వినికిడి తక్కువ. జనం "చెవిటి స్మిత్" అనే పిలిచేవారు. శాసనసభ కూడా ఆ పిలుపునే ఖాయం చేసింది. ఆస్టిన్ ఉత్తర శివార్లలో రౌండ్ రాక్, సీడర్ పార్క్, లియాండర్ లాంటి ఊళ్లున్న విలియమ్సన్ కౌంటీది కూడా ఇలాంటి మనిషి పేరే. జడ్జి రాబర్ట్ విలియమ్సన్‌కు చిన్ననాటి జబ్బుతో కుడికాలు మోకాలి దగ్గర వెనక్కి వంగిపోయింది. మోకాలికి కట్టెకాలు కట్టుకుని నడిచేవాడు. మూడు కాళ్ల విల్లీ అని ఊరంతా పిలిచేది. దేహంలో ఉన్న లోటును దాచిపెట్టకుండా ఆ మనుషులను అలాగే గుర్తుంచుకున్న ఆనాటి నోళ్లంటే నాకు గౌరవం.

ఇంతమంది సేనానులు, మంత్రుల మధ్య నన్ను కదిలించిన పేరు కాన్సస్‌లో ఉంది. అంతర్యుద్ధం ముగిశాక ఆ రాష్ట్రం తన సైనికుల పేర్లు కౌంటీలకు పెట్టుకుంది. కెప్టెన్లు, కర్నళ్లు ఉన్న ఆ వరసలో రూక్స్ కౌంటీ ఉంది. జాన్ రూక్స్ మామూలు సిపాయి. 1862 డిసెంబరులో ప్రెయిరీ గ్రోవ్ పోరులో గాయపడి, కొద్దిరోజులకే కన్నుమూశాడు. ఆయన చేసిందల్లా బానిసత్వానికి ఎదురు నిలిచిన పక్షాన తుపాకీ పట్టి ప్రాణం ఇవ్వడం. అంతకన్నా ఏం చేయాలి? శాసనసభలు పెట్టిన వేల పేర్లలో అది నిండుగా న్యాయమైన పేరు.

తపాలా శాఖ ఒప్పుకోలేదు

పల్లెల కథ వేరు. పదిళ్లు, ఒక పిండిమర, ఒక కొట్టు ఉంటే జనం ఏదో ఒక పేరుతో పిలుచుకుంటారు. ఆ రోజుల్లో ఉత్తరం రావాలంటే మాత్రం పోస్టాఫీసు కావాలి. దానికి వాషింగ్టన్‌కు దరఖాస్తు పంపాలి. ఒక రాష్ట్రంలో ఒకే పేరుతో రెండు పోస్టాఫీసులు ఉండకూడదు. దగ్గర పోలిక ఉన్నా కుదరదు. పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్ 1963లో గాని రాలేదు కాబట్టి అప్పట్లో కవరు మీద ఊరి పేరే దిక్కు. చేతిరాతలో రెండు పేర్లు ఒకేలా కనబడితే ఉత్తరం దారి తప్పుతుంది. 1894లో ఇంకో నిబంధన వచ్చింది. కొత్త పేరు పొట్టిగా ఉండాలి, వీలైతే ఒకే మాట అయి ఉండాలి. 1901 నాటికి అమెరికాలో 76,945 పోస్టాఫీసులు ఉన్నాయి. అదే గరిష్ఠం. ఆ సంఖ్య వెనక ఎన్ని పేర్లు కొట్టేసి ఉంటారో ఊహించుకోండి.

టెక్సాస్‌లో మనవాళ్లకు బాగా తెలిసిన ఊళ్లే తీసుకుందాం. ప్లేనో వాసులు మొదట ఆనాటి అధ్యక్షుడు ఫిల్‌మోర్ పేరు అడిగారు, తపాలా శాఖ కాదంది. అప్పుడు చుట్టూ ఉన్న నేలను చూసుకున్నారు. చెట్టూ గుట్టా లేని చదును. స్పానిష్‌లో చదును అనే అర్థమున్న ప్లేనో పెట్టుకున్నారు. ఫ్రిస్కోను మొదట ఎమర్సన్ అన్నారు. లామార్ కౌంటీలో ఎంబర్సన్ ఉంది, కలిసిపోతుందన్నారు. 1904లో ఊరివాళ్లు తమకు ప్రాణం పోసిన సెయింట్ లూయిస్-శాన్‌ఫ్రాన్సిస్కో రైల్వే పేరును కుదించి ఫ్రిస్కో చేసుకున్నారు. 2020 జనాభా లెక్కల్లో రెండు లక్షలు దాటిన ఆ నగరం పేరు ఒక రైలు మార్గం ముద్దుపేరు. ప్రాస్పర్ వాసులు రిచ్‌లాండ్ కావాలన్నారు. ఆ పేరుతో టెక్సాస్‌లో ఇంకో ఊరు అప్పటికే ఉంది. పంటలు బాగా పండుతున్నాయి కదా, ప్రాస్పర్ అనండని అక్కడి పోస్టుమాస్టరు సలహా ఇచ్చాడు. రౌండ్ రాక్ అంతకు ముందు బ్రషీ. పేరు మార్చమని పైనుంచి ఒత్తిడి వస్తే 1854లో బ్రషీ వాగులో ఉన్న గుండ్రటి బండరాయిని చూపించారు. బండ్లు వాగు దాటే చోటుకు ఆ రాయే గుర్తు. ఇప్పటికీ అది నీళ్లలో అలాగే ఉంది, ఎవరైనా వెళ్లి చూడవచ్చు.

లియాండర్ నుంచి కాస్త పడమరకు వెళితే నేమ్‌లెస్ రోడ్డు వస్తుంది. పేరులేని ఊరు పేరు అది. 1880లో అక్కడి వాళ్లు పోస్టాఫీసు కోసం ఒక పేరు పంపారు, తిరిగొచ్చింది. రెండోది పంపారు, మూడోది పంపారు. ఆరు పేర్లు తిరస్కరించాక విసిగిపోయి, అయితే పేరు లేకుండానే ఉండనివ్వండి, మీ ఖర్మ అని జవాబు రాశారని అక్కడి చరిత్ర. తపాలా శాఖ ఆ మాటనే పేరుగా నమోదు చేసింది. పదేళ్లకు పోస్టాఫీసు మూతపడింది. పాత బడి భవనం మాత్రం నిలబడి ఉంది.

లీ కౌంటీలో డైమ్ బాక్స్ ఉంది. మొదట దాని పేరు బ్రౌన్స్ మిల్. బ్రౌన్స్‌విల్‌తో తికమక అవుతోందని 1884లో మార్చారు. మిల్లు దగ్గర ఒక పెట్టె ఉండేది. అందులో ఉత్తరంతో పాటు డైమ్, అంటే పది సెంట్ల నాణెం వేస్తే బండివాడు గిడింగ్స్ ఊరికి చేరవేసేవాడు. ఆ పెట్టే ఊరి పేరైంది. మాంట్‌గోమరీ కౌంటీలోని కట్ అండ్ షూట్ 1912 నాటి చర్చి తగాదాలో పుట్టింది. పెద్దలు కొట్టుకునేలా ఉంటే, నేను మలుపు తిరిగి (కట్) పొదల్లోంచి తుర్రుమంటానని (షూట్) బెదిరిపోయిన ఒక పిల్లవాడు అన్న మాటలు ఊరికి అతుక్కున్నాయి. బెల్ కౌంటీలో 1930లలో బెల్ అనే ఇంటిపేరున్న ఇద్దరు కొట్టు పెట్టారు. బోర్డు రాయించుకుంటే పెయింటరు రెండు గంటల బొమ్మలు గీసి, కింద డింగ్ డాంగ్ అని రాశాడు. చుట్టూ ఉన్న పల్లె డింగ్ డాంగ్ అయింది. ఆ కౌంటీ పేరు మాత్రం ఆ కొట్టువాళ్లది కాదు, పీటర్ బెల్ అనే గవర్నరుది. ఒకే నేల మీద కౌంటీకి గవర్నరు పేరు వచ్చింది, పల్లెకు సైన్‌బోర్డు పెయింటరు పేరు పెట్టినట్టయింది.

ఈ రెండు దారుల తేడా ఇంతకన్నా స్పష్టంగా మిసోరిలో కనిపిస్తుంది. అక్కడ వాన్ బ్యూరెన్ కౌంటీ ఒకటి ఉండేది. 1848 ఎన్నికల్లో మాజీ అధ్యక్షుడు వాన్ బ్యూరెన్, బానిసత్వం కొత్త నేలలకు పాకకూడదనే ఫ్రీ సాయిల్ పార్టీ తరఫున నిలబడ్డాడు. మిసోరి బానిసలున్న రాష్ట్రం. మరుసటి ఏడాదే ఆయన పేరు తీసేసి, ఆ ఎన్నికల్లో ఆయనతో పోటీపడ్డ లూయిస్ క్యాస్ పేరు పెట్టారు. అదే కౌంటీలో 1868లో ఒక పోస్టుమాస్టరు తన ఊరికి ఎక్సెల్సియర్ అని అడిగాడు. ఆ పేరు అప్పటికే ఉందన్నారు. ఎన్ని పేర్లు పంపినా ఇదే జవాబు. చివరికి కాస్త విచిత్రమైన పేరైనా సరే ఇవ్వండని రాస్తే పెక్యూలియర్, అంటే విచిత్రం అనే మాటే ఊరికి వచ్చిందని చెప్పుకుంటారు. కౌంటీ పేరు పగతో మారింది, ఊరి పేరు ఓపిక నశించి పుట్టింది.

1896లో మొదలైన గ్రామీణ బట్వాడాతో పోస్టుమ్యాన్ ఇంటి గేటు దాకా రావడం మొదలైంది. చిన్న పోస్టాఫీసులు వేలల్లో మూతపడ్డాయి. కొట్టు పోయింది, బడి పోయింది, రైలు పోయింది. ఒక శ్మశానం, ఒక రోడ్డు బోర్డు మీద మాత్రం పేరు మిగిలిన పల్లెలు ఎన్నో.

గోల్కొండ రేవు

మన నేల పేర్లు కూడా అక్కడికి చేరాయి. న్యూయార్క్ రాష్ట్రంలో ఢిల్లీ ఉంది, అక్కడివాళ్లు దాన్ని డెల్‌హై అని పలుకుతారు. ఆ ప్రాంతంలో పలుకుబడి ఉన్న ఎబెనీజర్ ఫుట్‌ను జనం మొఘల్ చక్రవర్తి అని పిలిచేవారు, ఆయన గౌరవార్థం ఢిల్లీ పేరు పెట్టారు. అదే రాష్ట్రంలో బాంబే ఉంది. ఓరెగన్‌లో మద్రాస్ ఉంది. అక్కడివాళ్లు మొదట అడిగిన పేరును పామర్ అనే ఊరితో పోలిక ఉందని తపాలా శాఖ కొట్టేసింది. దుకాణంలో ఉన్న మద్రాసు నూలు గుడ్డ తాను మీది పేరు తీసి పెట్టుకున్నారని అక్కడి కథ. ఏ నేతగాడు నేసిన గుడ్డో, ఎన్ని సముద్రాలు దాటి వెళ్లి ఒక ఊరికి పేరైంది.

వీటన్నిటిలో తెలుగువాళ్లు ఆగి చదవాల్సింది ఇల్లినాయ్ దక్షిణ కొసన, ఒహాయో నది ఒడ్డున ఉన్న గోల్కొండ. పోప్ కౌంటీ కేంద్రం అది. జనాభా వెయ్యికి లోపే. అక్కడ మొదట రేవు నడిపిన కుటుంబంలోని సారా లస్క్ అనే ఆమె పేరు మీద ఊరిని సారావిల్ అనేవారు. 1817లో దాన్ని గోల్కొండగా మార్చారు. అప్పటికి మన గోల్కొండ రాజ్యం ఔరంగజేబు చేతిలో కూలిపోయి 130 ఏళ్లయింది. అయినా ఇంగ్లిష్ లోకంలో గోల్కొండ అంటే తరగని సంపద. నిజానికి వజ్రాలు దొరికింది కోటలో కాదు, కృష్ణ ఒడ్డున, నేటి పల్నాడు జిల్లాలోని కొల్లూరు లాంటి గనుల్లో. పదిహేడో శతాబ్దిలో వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే కొల్లూరులో అరవై వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. ఆ కూలీల చెమట మీద కోటకు కీర్తి వచ్చింది. ఆ కీర్తిని నమ్మి ఒహాయో ఒడ్డు రేవు కలలు కన్నది. గొల్లలు మందలు కాసుకున్న కొండ కాబట్టి గొల్లకొండ అయిందని మన ఇళ్లలో చెప్పుకుంటాం. ఆ గొల్లల కొండ పేరు రేవు నడిపిన ఒక ఆడమనిషి పేరును పక్కకు నెట్టి కూర్చుంది. రేవును నిలబెట్టిన ఆవిడ పేరు పోయినందుకు నాకు మనసులో బాధగానే ఉంది.

ఆ రేవు కలలుగన్న సంపద రాలేదు. వచ్చింది వేరే.

జార్జియాలో అట్లాంటాకు ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీ ఉంది. కమ్మింగ్, ఆల్ఫరెటా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన చోటు. ఆ నేల చెరోకీ జాతిది. 1832లో జార్జియా రాష్ట్రం ఆ భూమిని కౌంటీలుగా ముక్కలు చేసి, లాటరీ తీసి తెల్లవాళ్లకు పంచింది. ఒక ముక్కకు జాన్ ఫోర్సైత్ పేరు పెట్టారు. ఆయన జార్జియా మాజీ గవర్నరు. 1830లో ఆదివాసులను మిసిసిపీ అవతలికి పంపే బిల్లు సెనేట్‌కు వచ్చినప్పుడు దాని తరఫున గట్టిగా వాదించినవాడు. ఎవరిని వెళ్లగొట్టాలన్నాడో వాళ్ల నేలకే ఆయన పేరు పడింది. 1838లో సైనికులు చెరోకీలను ఇళ్లలోంచి లాగి శిబిరాల్లో పెట్టే నాటికి ఫోర్సైత్ దేశ విదేశాంగ మంత్రి.

ఆ జాతిని నడిపించిన దారి కన్నీటి బాట. వేల మంది టెనెసీ, కెంటకీల మీదుగా నడిచి 1838 చివర, 1839 మొదట ఒహాయో నది దాటారు. దాటిన చోటు గోల్కొండ రేవు. మామూలుగా పన్నెండు సెంట్లు తీసుకునే పడవవాడు వాళ్ల దగ్గర మనిషికి డాలరు గుంజాడని చెబుతారు. ఆ చలికాలం ముందున్న మిసిసిపీలో మంచుగడ్డలు అడ్డం పడి, వేల మంది రెండు నదుల మధ్య దక్షిణ ఇల్లినాయ్‌లో వారాల తరబడి ఇరుక్కుపోయారు. ముసలివాళ్లు, పసిపిల్లలు దారి పక్కనే కన్నుమూశారు. మన కోట పేరు పెట్టుకున్న ఊరు ఆ చావుల దారిలో ఒక మజిలీ.

దాటి వెళ్లినవాళ్లు ఓక్లహోమాలో కొత్తగా బతుకు కట్టుకున్నారు. అక్కడ వాళ్లకు ఇష్టమైన పేర్లు పెట్టుకునే వీలు కాస్త దొరికింది. చెరోకీ భాషకు లిపి తయారుచేసిన సెకోయా పేరుతో ముందు చెరోకీ జాతి పాలనలోనే ఒక డిస్ట్రిక్ట్, దాని నుంచి సెకోయా కౌంటీ వచ్చాయి. చదువు నేర్పినవాడి పేరు జిల్లాకు పెట్టుకున్న జాతి అది.

లేని మాటల కౌంటీలు

మిషిగన్‌లో ఇంకో రకం అన్యాయం జరిగింది. హెన్రీ స్కూల్‌క్రాఫ్ట్ అక్కడ ఆదివాసుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ అధికారి. భార్య జేన్ ఓజిబ్వే తల్లికి పుట్టిన కవయిత్రి. ఆయనకు ఓజిబ్వే మాటలు తెలుసు. ఆ మాటల ముక్కలకు అరబ్బీ, లాటిన్ ముక్కలు అతికించి వినడానికి ఆదివాసీ పేర్లలా ఉండే మాటలు తయారుచేశాడు. ఆల్పెనా, ఆల్కోనా, ఐయోస్కో, ఆస్కోడా, టస్కోలా అన్నీ ఆ చేతి పనే. ఏ ఆదివాసీ నోటా అంతకు ముందు పలకని మాటలవి.

1840లో ఒక కౌంటీకి నెగ్వెగాన్ పేరు పెట్టారు. ఆయన నిజంగా బతికిన ఆదివాసీ నాయకుడు, 1812 యుద్ధంలో అమెరికా పక్షాన నిలిచినవాడు. 1843లో శాసనసభ ఆ పేరు తీసేసి ఆల్కోనా అని మార్చింది. అదే ఏడాది మరికొన్ని ఆదివాసీ పేర్లు తుడిచి ఐర్లండ్ పేర్లు పెట్టింది. యాంట్రిమ్, క్లేర్, రాస్‌కామన్, వెక్స్‌ఫర్డ్ అలా వచ్చాయి. ఎమ్మెట్ కౌంటీ పేరు ఐరిష్ విప్లవకారుడు రాబర్ట్ ఎమ్మెట్‌ది. బ్రిటన్ చేతిలో నలిగిన ఐర్లండ్ మీద సానుభూతి చూపిన ఆ కలమే, తమ కాళ్ల కింది నేల ఎవరిదో వాళ్ల పేర్లు కొట్టేసింది. నెగ్వెగాన్ పేరు ఇప్పుడు హ్యూరన్ సరస్సు ఒడ్డున ఒక స్టేట్ పార్కుకు ఉంది. కౌంటీ మాత్రం తిరిగి రాలేదు.

పేరు అదే, మనిషి మారాడు

పెట్టిన పేరును తీయలేమా? తీశారు, రకరకాలుగా.

సియాటల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ ఉన్న కింగ్ కౌంటీ 1852 డిసెంబరులో ఏర్పడింది. ఉపాధ్యక్షుడిగా అప్పుడే గెలిచిన విలియం రూఫస్ కింగ్ పేరు దానికి పెట్టారు. అలబామాలో బానిసలతో తోటలు నడిపించిన మనిషి. జబ్బుతో క్యూబాలో ఉండి అక్కడే ప్రమాణం చేసి, 1853 ఏప్రిల్‌లో పోయాడు. పదవిలో కూర్చుని ఒక్క పని చేయలేదు. 1986లో కౌంటీ కౌన్సిల్ ఐదుకు నాలుగు ఓట్లతో తీర్మానించింది, ఇకనుంచి మా కింగ్ మార్టిన్ లూథర్ కింగ్ అని. రాష్ట్ర చట్టం 2005లో దాన్ని ఖాయం చేసింది. పాత చిహ్నంలోని కిరీటం తీసేసి 2007లో ఆయన ముఖం పెట్టారు. ఒక్క అక్షరం మారలేదు. ఆఫీసు బోర్డులు అవే, చిరునామాలు అవే. బానిసల యజమాని వెళ్లి బానిసల మునిమనవడు వచ్చాడు.

అయోవాలోని జాన్సన్ కౌంటీ 2021లో ఇదే దారి పట్టింది. ఉపాధ్యక్షుడు రిచర్డ్ జాన్సన్‌ను పక్కనపెట్టి, లూలూ మెర్ల్ జాన్సన్ పేరు తీసుకుంది. ఆమె అయోవాలో పుట్టిన చరిత్ర ప్రొఫెసరు. చరిత్రలో డాక్టరేట్ పొందిన తొలితరం నల్లజాతి స్త్రీలలో ఒకరు, 1941లో అదే కౌంటీలోని యూనివర్సిటీ నుంచి దాన్ని అందుకున్నారు.

దక్షిణ డకోటాలో అక్షరాలే మార్చారు. పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో ఉన్న షానన్ కౌంటీది ఒక ప్రాంతీయ ప్రధాన న్యాయమూర్తి పేరు. లకోటాల భూమిని వదిలించేందుకు వచ్చిన కమిషన్‌లో ఉన్నవాడాయన. 2014 నవంబరులో ఓటింగ్ పెడితే జనం పెద్ద మెజారిటీతో పేరు మార్చమన్నారు. 2015 నుంచి అది ఒగ్లాలా లకోటా కౌంటీ. అక్కడి జనం తమ పేరును తామే పెట్టుకున్నారు. 2022లో ఆదివాసీ స్త్రీలను కించపరిచే ఒక తిట్టుమాటను దాదాపు 650 కొండలు, వాగులు, లోయల పేర్ల నుంచి కేంద్ర ప్రభుత్వం తొలగించింది. ఆ ఉత్తర్వు ఇచ్చిన మంత్రి డెబ్ హాలాండ్, అమెరికా మంత్రివర్గంలో మొదటి ఆదివాసీ మహిళ.

ఫోర్సైత్ మాత్రం ఫోర్సైత్‌గానే ఉంది.

మీ ఊరి పేరు వెతుక్కోవాలంటే

అక్కడున్నవాళ్లు ఎవరైనా తమ కౌంటీ కథ తెలుసుకోవచ్చు. భౌగోళిక పేర్ల జాబితా మొత్తం అమెరికా జియొలాజికల్ సర్వే ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంచింది. పేర్ల విషయం చూసే జాతీయ బోర్డు 1890 నుంచి ఉంది. 1837 నుంచి 1950 వరకు పోస్టుమాస్టర్లు తమ ఊరు ఏ వాగుకు ఎంత దూరమో, ఏ రైలు స్టేషనుకు ఏ దిక్కునో నింపి పంపిన ఫారాలు నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. టెక్సాస్ వాళ్లకు ఆ రాష్ట్ర చరిత్ర సంఘం నడిపే హ్యాండ్‌బుక్ ఉంది, అందులో నేమ్‌లెస్ లాంటి పల్లెలకూ వ్యాసాలున్నాయి. సెలవు రోజున పిల్లలతో కౌంటీ కోర్టు ఆవరణకు వెళ్లి అక్కడి చారిత్రక ఫలకం చదివి రావచ్చు.

కొండకో వాగుకో పేరు పెట్టమని ఆ జాతీయ బోర్డుకు ఎవరైనా దరఖాస్తు పంపవచ్చు. మనిషి పేరైతే ఆ మనిషి చనిపోయి ఐదేళ్లు నిండాలి. వీధుల పేర్లు సాధారణంగా లేఅవుట్ వేసే బిల్డరు సూచిస్తాడు, నగరమో కౌంటీయో ఆమోదిస్తుంది. అంబులెన్సు దారి తప్పకూడదని, పోలిక ఉన్న పేర్లను ఇప్పటికీ వెనక్కి పంపుతారు. ఫ్రిస్కో, ప్రాస్పర్, కమ్మింగ్ చుట్టూ పొలాలు ఇంకా ప్లాట్లుగా మారుతూనే ఉన్నాయి. ఆ కాలనీల్లో ఇళ్లు కొంటున్నవాళ్లలో మనవాళ్లు చాలామంది. ఆ నేల మీద ఇంతకు ముందు ఎవరున్నారు, ఏ వాగు పారింది, ఏ పల్లె మాయమైంది అని అడిగి తెలుసుకుని, ఆ పేర్లలో ఒకటి వీధికి పెట్టమని ప్లానింగ్ సమావేశంలో అడగవచ్చు. ఆ సమావేశాలు అందరికీ తెరిచే ఉంటాయి, తేదీలు నగర వెబ్‌సైట్‌లో పెడతారు.